నూటికి నూట ఆరున్నర తిరిగిచ్చే అల్యూమినియం

ప్రశ్న: సార్, నేను ఎం.టెక్. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. బఫింగ్ చేసిన అల్యూమినియం ప్లేట్ మీద 45 డిగ్రీల కోణంలో హీలియం-నియాన్ లేజర్ పడితే ఎంత కాంతి పరావర్తనం అవుతుందో కామ్సాల్ అనే సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేట్ చేయడం నా ప్రాజెక్ట్. లేజర్ 632.8 నానోమీటర్లు, 2 మిల్లీవాట్లు, బీమ్ వెడల్పు 0.8 మిల్లీమీటర్లు. ముందు 2 మిల్లీమీటర్ల ఘనం గీసి 3డీలో మొదలుపెట్టాను. మెష్ (మోడల్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోయడం) దగ్గరే కంప్యూటర్ బిగుసుకుపోయింది. తర్వాత 2డీలో చిన్న ముక్క తీసుకుని, హ్యాండ్‌బుక్‌లో ఉన్న అల్యూమినియం పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే విలువ) వేస్తే రిఫ్లెక్టెన్స్, అంటే పడిన కాంతిలో తిరిగొచ్చే వంతు, 1.065 వచ్చింది. ల్యాబ్‌లో ఫోటోడయోడ్‌తో కొలిస్తే 70 శాతమే. గైడ్ గారు "రెండూ కలవాలి కదా" అంటున్నారు. రివ్యూకి ఐదు వారాలే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. పెద్ద సర్వర్ దొరికితే పని అవుతుందా? లేక వేరే సాఫ్ట్‌వేర్‌కి మారిపోనా?

జవాబు: సర్వర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ మార్చే పనీ లేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది, మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ 1.065. ఒకసారి కాల్క్యులేటర్ తీసి ఒకటిని 1.065తో భాగించండి. 0.939 వస్తుంది. నున్నటి అల్యూమినియం మీద మీ ఎర్ర కాంతి 45 డిగ్రీల్లో పడినప్పుడు, దాని విద్యుత్ క్షేత్రం పతన తలానికి (వచ్చే కిరణం, తిరిగెళ్లే కిరణం ఉండే తలానికి) లంబంగా ఉంటే, పరావర్తనం ఎంతో చెప్పే ఫ్రెనెల్ సూత్రాలు ఇచ్చే జవాబు కూడా దాదాపు 0.939. అంటే మీ మోడల్ లెక్క బాగానే కట్టింది, కాకపోతే తలకిందులుగా కట్టింది.

ఎందుకంటే, లోహంలోకి దూరిన కాంతి లోపల అరిగిపోవాలి. ఆ అరుగుదల ఎంతో చెప్పేది పర్మిటివిటీలోని కల్పిత భాగం. దానికి ప్లస్ పెట్టాలా మైనస్ పెట్టాలా అన్నది, కాలంతోపాటు తరంగం తిరగడాన్ని మనం ఏ గుర్తుతో రాస్తామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఫిజిక్స్ పుస్తకాలు, ఆప్టిక్స్ హ్యాండ్‌బుక్కులు ఎక్కువగా మైనస్ ఐ ఒమేగా టీ అని రాస్తాయి. అప్పుడు నష్టం ప్లస్ గుర్తుతో వస్తుంది. ఎలక్ట్రికల్ ఇంజినీర్లు ప్లస్ జె ఒమేగా టీ అని రాస్తారు. వాళ్ల లెక్కలో అదే నష్టం మైనస్ గుర్తుతో వస్తుంది. కామ్సాల్ ఎలక్ట్రికల్ వాళ్ల దారిలో నడుస్తుంది. మీరు హ్యాండ్‌బుక్‌లోంచి సుమారుగా మైనస్ 56.2 ప్లస్ 20.9 ఐ అన్న విలువని ఉన్నదున్నట్టు దించేసి ఉంటారు. కామ్సాల్‌కి అది మైనస్ 56.2 మైనస్ 20.9 ఐ అని ఇవ్వాలి. ఖర్చు పద్దుని జమ కింద రాసినట్టయింది. లోహం కాంతిని తినాల్సింది పోయి ఎదురు పెట్టుబడి పెడుతోంది, అందుకే నూటికి నూట ఆరున్నర తిరిగొచ్చింది. మందపాటి లోహంలో ఈ ఒక్క గుర్తు తిరగబడితే జవాబు సరిగ్గా విలోమం అవుతుంది. మీ అంకెని భాగించి చూడమన్నది అందుకే.

పర్మిటివిటీ బదులు వక్రీభవన గుణకం ఇచ్చే ఆప్షన్ ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు. అక్కడ ఎన్ (వక్రీభవనం) 1.37, కే (అరుగుదల) 7.6 అని రెండూ ప్లస్‌లోనే ఇవ్వండి, మైనస్ సంగతి అదే చూసుకుంటుంది.

గుర్తు మార్చి మళ్లీ రన్ చేశాక 0.939 వస్తే అక్కడితో ఆగకండి. మీ 2డీ మోడల్‌లో విద్యుత్ క్షేత్రం కాగితంలోంచి బయటికి పొడుచుకు వచ్చే దిశలో ఉంది, అది ఎస్ ధ్రువణం. దాన్ని తలంలోకి తిప్పి పీ ధ్రువణానికి ఇంకో రన్ చేయండి. ఇక్కడ 45 డిగ్రీలకి మాత్రమే ఉన్న ఒక అందమైన సంగతి మీకు పనికొస్తుంది. పూత ఏదీ లేని ఒకే ఉపరితలం మీద, సరిగ్గా 45 డిగ్రీల దగ్గర, పీ రిఫ్లెక్టెన్స్ ఎస్ రిఫ్లెక్టెన్స్‌కి వర్గం అవుతుంది. గాజైనా, వెండైనా, అల్యూమినియమైనా ఇంతే. 0.939ని 0.939తో గుణిస్తే 0.88. మీ పీ రన్ 0.88 దగ్గర రాకపోతే మోడల్‌లో ఇంకేదో తేడా ఉన్నట్టు. మీ ప్రాజెక్ట్ కోణం 45 కావడం మీ అదృష్టం. 40 అయ్యుంటే ఈ పరీక్ష ఉండేది కాదు.

అసలు లోహం జోలికి వెళ్లక ముందే గాజుతో మొదలుపెట్టాల్సింది. ఈ మాట మీకు నీతి చెప్పడానికి అనడం లేదు, నేనే తిన్న దెబ్బ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పూత వేసిన పలక మీద లేజర్ పరావర్తనం మోడల్ చేస్తూ పది రోజులు రాత్రింబవళ్లు కంప్యూటర్‌ని నడిపించాను. రంగురంగుల బొమ్మలు వచ్చాయి. వాటిని ప్రింట్ తీసి, ఫైల్లో పెట్టుకుని మా సీనియర్ దగ్గరికి వెళ్లాను. ఆయన బొమ్మలు చూడనేలేదు. "నీ మోడల్లో మామూలు గాజు పెట్టి, కాంతి నిటారుగా వేస్తే నాలుగు శాతం వస్తోందా?" అని ఒక్క ప్రశ్న వేశారు. వెళ్లి చూస్తే పదకొండు వచ్చింది. పై హద్దు దగ్గర కాంతిని మింగేయాల్సిన పొరని నేను పెట్టనే లేదు. కాంతి పైకీ కిందకీ బంతిలా ఎగురుతోంది. పది రోజుల కరెంటు ఖర్చు మా ఆఫీసుది, సిగ్గు మాత్రం నాది.

కాబట్టి మీ మోడల్‌లో అల్యూమినియం తీసేసి 1.5 గుణకం ఉన్న గాజు పెట్టండి. నిటారుగా వేస్తే 4 శాతం రావాలి. 45 డిగ్రీల్లో ఎస్‌కి 9.2 శాతం, పీకి 0.85 శాతం రావాలి. 56.3 డిగ్రీల్లో పీ దాదాపు సున్నా అయిపోవాలి, అది బ్రూస్టర్ కోణం. ఈ నాలుగూ కుదిరితే మీ హద్దులు, పోర్టులు (మోడల్‌లోకి కాంతిని పంపే, బయటికి వచ్చేదాన్ని కొలిచే అంచులు), మెష్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. గాజు కింది వైపు ఇంకో పోర్టు పెట్టి లోపలికి వెళ్లిన కాంతిని కూడా లెక్కించండి, రెండూ కలిపితే ఒకటి రావాలి. లోహానికి వచ్చాక, తిరిగొచ్చింది పోను మిగిలిన ఆరు శాతం లోహంలో వేడిగా మారిన శక్తితో సరిపోవాలి. ఆ నష్టాన్ని విడిగా ఇంటిగ్రేట్ చేసి చూడొచ్చు.

ఇక మీ 3డీ ఘనం సంగతి. తరంగాన్ని తరంగంగా లెక్కించే ఏ పద్ధతికైనా ఒక తరంగదైర్ఘ్యానికి కనీసం ఐదారు ముక్కలుండాలి. మీ ఘనం అంచు 2 మిల్లీమీటర్లు, అందులో దాదాపు 3,160 తరంగదైర్ఘ్యాలు పడతాయి. ఆరేసి ముక్కల చొప్పున అంచుకి 19 వేలు. దాన్ని మూడుసార్లు గుణిస్తే 6.8 లక్షల కోట్ల ముక్కలు. ఇలాంటి అంకెలు మనం బడ్జెట్ ప్రసంగాల్లో వింటాం గానీ మెష్ స్టాటిస్టిక్స్‌లో కాదు. ముక్కకి ఒక్క అంకె చొప్పున దాచుకున్నా 54 టెరాబైట్ల మెమరీ కావాలి. నిజానికి ముక్కకి ఒక్క అంకె ఎక్కడ సరిపోతుంది! మీ కాలేజీ సర్వరే కాదు, దేశంలో ఏ పెద్ద కంప్యూటర్ ముందు కూర్చున్నా ఇది పద్ధతి కాదు.

నేనైతే సాఫ్ట్‌వేర్ తెరవక ముందు ఒక చిత్తు కాగితం మీద మూడు పొడవులు పక్కపక్కన రాసుకుంటాను. తరంగదైర్ఘ్యం ఎంత, ఉపరితలం మీద ఎత్తుపల్లాలు ఎంత, బీమ్ వెడల్పు ఎంత. మీ విషయంలో మొదటిది 0.63 మైక్రాన్లు. మూడోది 800 మైక్రాన్లు. రెండోది మీరు ఉత్తరంలో రాయలేదు. మీ ల్యాబ్ 70కీ ఫ్రెనెల్ లెక్కకీ మధ్య ఉన్న తగాదా అంతా ఆ రాయని అంకెలోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

బీమ్ తరంగదైర్ఘ్యం కంటే వెయ్యి రెట్లకు పైగా వెడల్పు ఉంది. అంత వెడల్పు ఉన్న బీమ్ ప్లేట్‌కి సమతల తరంగంలాగే కనబడుతుంది. మీ బీమ్ విప్పారే కోణం మిల్లీరేడియన్‌లో సగం. బీమ్ నడుము దగ్గర్నుంచి దాదాపు 80 సెంటీమీటర్ల దూరం వరకు అది పెద్దగా లావెక్కదు. అందుకని నున్నటి ప్లేట్ పరావర్తనం తెలుసుకోవడానికి మొత్తం బీమ్‌ని గీయాల్సిన పని లేదు. వెడల్పు ఒక అర మైక్రాన్, ఎత్తు రెండు మూడు మైక్రాన్లు ఉన్న సన్నటి ముక్క గీయండి. రెండు పక్కలా ఫ్లోకే పీరియాడిక్ హద్దులు పెట్టండి, పైన పోర్టు. ఆ ముక్క పక్కనే అలాంటివే అనంతంగా ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ భావిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్లలో జవాబు వస్తుంది.

ఒక జాగ్రత్త. అల్యూమినియంలోకి ఈ కాంతి ఎంత లోతుకు వెళ్తుందనుకుంటున్నారు? క్షేత్రం మూడో వంతుకి పడిపోవడానికి 13 నానోమీటర్లు చాలు. ప్లేట్ మందం మిల్లీమీటర్లలో ఉంటుంది కదా అని అంతా గీయకండి. 100 నానోమీటర్ల లోహం గీస్తే దండి. కానీ ఆ వందలో పైపొరని మూడు నాలుగు నానోమీటర్ల ముక్కలుగా కోయాలి, లేకపోతే లోపలి అరుగుదల మెష్‌కి అందదు. అదీ వద్దనుకుంటే లోహాన్ని గీయడమే మానేసి, దాని పై అంచుకి ఇంపీడెన్స్ బౌండరీ (లోహం ప్రభావాన్ని అంచు మీదే లెక్కించే హద్దు) పెట్టేయండి. కాంతి ఇంత తక్కువ లోతుకే దిగే చోట ఆ షార్ట్‌కట్ బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు 70 శాతం. ఇదే అసలు ప్రశ్న అని నా ఉద్దేశం.

ఎస్, పీ రెండింటినీ సగం సగం కలిపితే నున్నటి అల్యూమినియం 91 శాతం తిరిగిస్తుంది. మీ ప్లేట్ 70 ఇస్తోంది. మిగతా 21 ఎక్కడికి పోయింది? లోహం తినలేదు. అది మీ ల్యాబ్ గోడల మీదకీ, మీ చొక్కా మీదకీ చెదిరిపోయింది. బఫింగ్ ప్లేట్ కంటికి అద్దంలా ఉంటుంది గానీ కాంతికి అది దున్నిన మడే. ఎత్తుపల్లాలు ఎంతుంటే అద్దంలా పరావర్తనమయ్యే కాంతి ఎంత తగ్గుతుందో చెప్పే లెక్క ఒకటుంది. 4 పై సిగ్మా కాస్ తీటా మొత్తాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి, దాన్ని వర్గం చేసి, ఆ విలువకి మైనస్ పెట్టి ఎక్స్‌పొనెన్షియల్ తీసుకోవాలి. సిగ్మా అంటే ఎత్తుపల్లాల ఆర్.ఎం.ఎస్. (వర్గాల సగటుకి వర్గమూలం) విలువ, తీటా అంటే పతన కోణం. 70ని 91తో భాగిస్తే 0.77. అక్కడి నుంచి వెనక్కి లెక్క కడితే సిగ్మా సుమారు 36 నానోమీటర్లు. మీ లేజర్ ధ్రువణం ఎస్ అనుకున్నా పీ అనుకున్నా 34 నుంచి 39 మధ్యలోనే ఉంటుంది. బాగా బఫ్ చేసిన ప్లేట్‌కి ఇది నమ్మదగ్గ అంకె.

అంటే మీ సిమ్యులేషన్ తప్పు కాదు, ల్యాబ్ రీడింగూ తప్పు కాదు. రెండూ రెండు వేర్వేరు ప్లేట్ల గురించి చెబుతున్నాయి. మీ మోడల్‌లో ఉన్నది ఎవరూ ఎప్పుడూ తయారు చేయలేని నున్నటి ప్లేట్, బల్ల మీద ఉన్నది బఫింగ్ చక్రం కింద నలిగి వచ్చిన ప్లేట్. మీ డిపార్ట్‌మెంట్‌లోనో పక్క మెకానికల్ వాళ్ల దగ్గరో సర్ఫేస్ ప్రొఫైలోమీటర్ (సూదితో తడిమి ఎత్తుపల్లాలు కొలిచే యంత్రం) ఉంటుంది. ప్లేట్ పట్టుకెళ్లి గరుకుతనం కొలిపించండి. సూది మొన లావు కాబట్టి సన్నటి గీతలు దానికి అందవు. ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) దొరికితే ఇంకా మంచిది. 36 దరిదాపుల్లో వస్తే మీ ప్రాజెక్ట్ సగం అయిపోయినట్టే. అక్కడ 400 నానోమీటర్లు వచ్చిందనుకోండి, అప్పుడు ఈ సూత్రం ప్రకారం అద్దంలా వచ్చే కాంతి సున్నా కావాలి. మీకు 70 వచ్చింది కాబట్టి అప్పుడు అనుమానించాల్సింది కొలతని.

ఈ గరుకుతనం సంగతిలో కోణం పాత్ర చాలామంది పట్టించుకోరు. తాండూరు బండలు పరిచిన ఇంట్లో పైనుంచి చూస్తే గచ్చులో మీ ముఖం కనబడదు. అదే గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఏటవాలుగా చూస్తే ఎదుటి కిటికీ గచ్చులో మెరుస్తుంది. బండ అదే, గరుకు అదే. ఏటవాలుగా వచ్చే కాంతికి ఎత్తుపల్లాలు చిన్నవైపోతాయి, సూత్రంలో కాస్ తీటా చేసే పని అదే. దీన్నే మీ ప్రాజెక్ట్‌లో వాడుకోండి. 45తో పాటు 30, 60, 75 డిగ్రీల్లో కూడా కొలిచి, ఫ్రెనెల్ విలువతో భాగించి గ్రాఫ్ గీయండి. ఒకే సిగ్మా అన్ని చుక్కలకీ సరిపోతే మీ వాదన నిలబడుతుంది. ఒక్క 45 దగ్గర ఒక్క అంకె కుదిరిందంటే రివ్యూలో కూర్చున్నవాళ్లు "కాకతాళీయం" అనొచ్చు. నాలుగు కోణాల్లో కుదిరితే అనలేరు.

కొలత గురించి రెండు మూడు మాటలు, ఎందుకంటే మీరు ఎలా కొలిచారో రాయలేదు. మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ ఈ ఎరుపుకి వాట్‌కి సుమారు 0.4 ఆంపియర్లు ఇస్తుంది. 2 మిల్లీవాట్లకి 0.8 మిల్లీఆంపియర్. మీరు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి 9 వోల్టుల బ్యాటరీతో నడిపిస్తుంటే, నేరుగా పడే బీమ్‌కి 8 వోల్టులు రావాలి, అంటే బ్యాటరీ గట్టు దాకా వచ్చేసింది. అక్కడ డయోడ్ నిజం చెప్పదు. నేరు బీమ్‌ని తక్కువ చేసి చూపిస్తుంది, భాగహారంలో మీ 70 నిజానికి ఇంకా తక్కువ కావచ్చు. 1 కిలో ఓమ్‌కి మార్చి మళ్లీ కొలవండి. రెండోది, చవక హీలియం-నియాన్ ట్యూబుల్లో చాలావాటికి స్థిరమైన ధ్రువణం ఉండదు. ట్యూబ్ వేడెక్కుతున్నంతసేపు అది ఎస్ వైపు, పీ వైపు ఊగుతుంటుంది. ఎస్‌కి 94, పీకి 88 అన్నప్పుడు ఆ ఊపు మీ రీడింగులో కనబడుతుంది. అరగంట ముందే ఆన్ చేసి పెట్టుకుని, బీమ్ దారిలో ఒక పోలరైజర్ పెట్టండి. మూడోది, బఫింగ్ సబ్బు జిడ్డు, వేలిముద్రలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గట్టిగా రుద్దకండి, కొత్త గీతలు పడతాయి.

చెదిరిన కాంతి నిజంగా ఉందో లేదో తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. ఫోటోడయోడ్‌ని ప్లేట్‌కి అర మీటర్ దూరంలో పెట్టి కొలవండి, తర్వాత ఐదు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చి కొలవండి. నున్నటి అద్దమైతే రీడింగ్ మారదు, ఎందుకంటే అర మీటర్ దగ్గర కూడా బీమ్ మిల్లీమీటర్ లోపే ఉంటుంది, డయోడ్‌లో పట్టేస్తుంది. దగ్గరికి తెచ్చినప్పుడు 70 కాస్తా 75, 80 వైపు పెరిగితే, దూరంలో తప్పిపోయిన చెదురు కాంతి దగ్గరలో దొరుకుతున్నట్టు. ఎంత కోణంలోంచి కాంతిని పోగు చేశారో రాయకుండా రిఫ్లెక్టెన్స్ ఇంత అని రాస్తే ఆ అంకెకి అర్థం సగమే. మీ రిపోర్ట్‌లో డయోడ్ వెడల్పు, దూరం తప్పకుండా రాయండి.

ఈ పనులు చేసేటప్పుడు చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. ప్లేట్ నుంచి వచ్చేది 70 శాతమైనా 1.4 మిల్లీవాట్లు. క్లాస్ 2 లేజర్‌కి అనుమతించే ఒక మిల్లీవాట్ కంటే ఎక్కువే. తల వంచి బీమ్ ఎత్తులో కన్ను పెట్టి అలైన్ చేసే అలవాటుంటే మానుకోండి.

ఇంతవరకు చెప్పింది చేస్తే మీ ప్రాజెక్ట్‌కి సరిపోతుంది. కానీ "సిమ్యులేషన్ ఏది, సూత్రమే వాడావు కదా" అని రివ్యూలో ఎవరైనా అనొచ్చు. అందుకని గరుకు ఉపరితలాన్ని కూడా ఒకసారి మోడల్ చేయండి. 3డీ వద్దు, 2డీలోనే. 40 మైక్రాన్ల పొడవున్న ప్లేట్ ముక్క, పైన ఐదు మైక్రాన్ల గాలి, చుట్టూ కాంతిని మింగే పీఎంఎల్ పొర (నేను ఒకప్పుడు మరిచిపోయిన పొర ఇదే). ఉపరితలాన్ని రాండమ్ ఫంక్షన్‌తో ఎత్తుపల్లాలుగా చేసి, దాని ఆర్.ఎం.ఎస్. 36 నానోమీటర్లు ఉండేట్టు చూడండి. ఎత్తు ఒక్కటే చాలదు, పక్కపక్క గుట్టల మధ్య దూరం ఎంతో కూడా ఇవ్వాలి. అది ప్రొఫైలోమీటర్ గ్రాఫ్‌లోంచే తీసుకోవాలి. స్కాటర్డ్ ఫీల్డ్ పద్ధతిలో (వచ్చే బీమ్‌ని మనమే ఇచ్చి, చెదిరినదాన్ని సాఫ్ట్‌వేర్‌తో లెక్కించే పద్ధతి) గాస్సియన్ బీమ్ (మధ్యలో బలంగా ఉండి అంచులకి పలచబడే బీమ్) వేయండి, నడుము వ్యాసార్ధం ఐదు మైక్రాన్లు. అంతకంటే సన్నం చేయకండి. తరంగదైర్ఘ్యానికి దగ్గరయ్యే కొద్దీ ఆ బీమ్ సూత్రమే తప్పుతుంది, పైగా బీమ్ తనంతట తనే విప్పారుతుంది. ఐదు మైక్రాన్లకే రెండు డిగ్రీల పైన విప్పారుతుంది, ఇంకా సన్నం చేస్తే గరుకు వల్ల చెదిరిందేదో బీమ్ విప్పారిందేదో విడదీయలేరు. మొత్తం కొన్ని పదుల వేల ముక్కలు. ల్యాప్‌టాప్ చాలు. మొదటి రన్ ఎత్తుపల్లాలు లేకుండా, తర్వాతవి గరుకుతో చేసి, రెండింటి నిష్పత్తి చూడండి. 0.77 చుట్టుపక్కల రావాలి.

"చుట్టుపక్కల" అని ఎందుకన్నానంటే, ఒక్క రన్‌తో అది రాదు. ఒకసారి 0.70, ఇంకోసారి 0.83 రావచ్చు. కంగారు పడకండి, అది లేజర్ స్వభావం. సున్నం వేసిన గోడ మీద లేజర్ పడితే చుక్కచుక్కలుగా మెరుస్తుంది కదా, తల కదిపితే ఆ చుక్కలూ కదులుతాయి. స్పెకిల్ అంటారు. టార్చిలైటుకి అది రాదు. ఉపరితలం మీద వేర్వేరు గుట్టల నుంచి వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి పెరుగుతాయి, ఒకచోట కొట్టుకుపోతాయి. మీరు మోడల్ చేసే ఒక్కో రాండమ్ ఉపరితలం ఒక్కో స్పెకిల్ ఫోటో లాంటిది. ఒక ఫోటో చూసి ప్లేట్ గురించి తీర్పు చెప్పకూడదు. రాండమ్ సీడ్ (ఏ ఎత్తుపల్లాలు రావాలో నిర్ణయించే అంకె) మారుస్తూ నలభై యాభై రన్లు పారామెట్రిక్ స్వీప్‌లో పెట్టి రాత్రికి వదిలేయండి, పొద్దున సగటు తీసుకోండి. సగటుతో పాటు ఎంత అటూ ఇటూ ఊగిందో కూడా గ్రాఫ్‌లో చూపించండి.

ఈ ఊగిసలాట మీ బల్ల మీద కూడా ఉంటుంది. అర మీటర్ దూరంలో మీ స్పెకిల్ చుక్క సైజు సుమారు 0.4 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల డయోడ్‌లో యాభై పైచిలుకు చుక్కలు పడతాయి, వాటి సగటు ఊపు 13 శాతం దాకా ఉంటుంది. అద్దం దిశలో బలమైన బీమ్ ఉంటుంది కాబట్టి అక్కడ ఇది అంతగా కనబడదు, కానీ పక్క కోణాల్లో చెదిరిన కాంతిని కొలిచేటప్పుడు ప్లేట్‌ని కాస్త కాస్త జరుపుతూ పది రీడింగులు తీయాల్సిందే.

వేరే సాఫ్ట్‌వేర్ అన్నారు. కామ్సాల్ లైసెన్స్ ల్యాబ్ వేళల్లోనే దొరికితే, ఇంట్లో పని కోసం ఎంఐటీలో పుట్టిన మీప్ ఉంది, ఉచితం, పైథాన్‌తో నడుస్తుంది. నున్నటి ప్లేట్‌కి అదీ అక్కర్లేదు, ఫ్రెనెల్ సూత్రాలు పైథాన్‌లో ఇరవై లైన్లు. మొత్తం బల్లని, అంటే లేజర్, ప్లేట్, డయోడ్ అన్నిటినీ ఒకే బొమ్మలో చూపించాలంటే జీమాక్స్ లాంటి కిరణాల సాఫ్ట్‌వేరో, కామ్సాల్‌లోనే ఉన్న రే ఆప్టిక్స్ మాడ్యూలో వాడొచ్చు. ఎంత చెదురుతుందో మాత్రం దానికి మీరే చెప్పాలి, అది కనిపెట్టి చెప్పదు. పైన లెక్కకట్టిన 0.77 అక్కడ పనికొస్తుంది. మీ ఫ్రెండ్స్ ఎవరైనా బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) అంటే నవ్వి ఊరుకోండి. బొమ్మ అందంగా వస్తుంది గానీ, మామూలు రెండరింగ్‌లో తరంగాల ఫేజ్ ఉండదు, స్పెకిల్ రాదు.

ఐదు వారాల గురించి నాకు బెంగ లేదు. గుర్తు మార్చి రన్ చేయడం ఈ రాత్రికి అయిపోతుంది. గాజు పరీక్షలు రేపు. ప్రొఫైలోమీటర్ స్లాట్‌కి మాత్రం ఈ రోజే పేరు రాయించుకోండి, ప్రాజెక్టుల సీజన్లో దాని ముందు క్యూ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా!